మెయ్ ఇంగ్లీషుకు గోదావరి జిల్లాల జవాబు

ఒక మనిషి నా గురించి రాసిన రెండు వాక్యాలను వెనక్కి తీయించాలని నేను గోదావరి జిల్లాలకు వెళ్ళాను. గోదావరి కూడా కనిపించింది. అది వేరే సంగతి.

మాది అనంతపురం. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక ఒక వెబ్‌సైటు ద్వారా చైనా వాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. మామూలు ఇంగ్లీషు వాళ్ళకు బళ్ళోనే వస్తుంది. నా దగ్గరికి వచ్చేది పెద్ద పదాల కోసం. చాలా ఘోరంగా ఉందని చెప్పడానికి 'వెరీ బ్యాడ్' అంటే పరీక్షల్లో మార్కులు పడవు, 'అట్రోషియస్' అంటే పడతాయి. మెయ్ అనే అమ్మాయి ఎనిమిది నెలలు నా దగ్గర ఇవే నేర్చుకుంది. ఏ పదం చెప్పినా "యెస్ టీచర్, అర్థమైంది" అనేది. ఉన్నట్టుండి ఒక వారం కనిపించలేదు. చూస్తే కెనడాలో ఉండే మరో టీచరు దగ్గర చేరింది. నా పేజీ కింద ఇలా రాసింది: 'టీచర్ చాలా పెద్ద పదాలు నేర్పారు. నేను వాటిని పలికితే ఎదుటివాళ్ళు ఆగిపోతున్నారు.' ఐదు నక్షత్రాలకు మూడు.

ఆ వాక్యాలు చూడని రోజు లేదు నాకు.

కొన్నాళ్ళకు ఆమే మెసేజి పెట్టింది. వాళ్ళ కంపెనీ బియ్యాన్ని ఏరే యంత్రాలు చేస్తుంది. ఒకదాన్ని సామర్లకోట దగ్గర రైసుమిల్లులో బిగించారు, అది ఎలా నడపాలో ఇంగ్లీషులో చెప్పి అప్పగించడానికి తను వస్తోంది. ఆ పని అయ్యాక కాకినాడ నుంచి వీడియోలో కంపెనీ పెద్దాయన ఇంటర్వ్యూ చేస్తాడు. నెగ్గితే విదేశీ మిల్లులన్నీ చూసే ఇంజనీరవుతుంది. లేకపోతే మళ్ళీ షెడ్డులో మరలు బిగించుకుంటూ ఉండాలి. తన తరవాత చేరిన కుర్రాడికి ఆ ఉద్యోగం వెళ్ళిపోతుంది. 'మీరు దగ్గరే కదా, నాతో ఉండి నా ఇంగ్లీషు సిద్ధం చేస్తారా? ఖర్చులు కంపెనీవి' అని అడిగింది.

అనంతపురానికి సామర్లకోట దగ్గరట. మంచి టీచరునని పిలవలేదన్న మాట, దగ్గరని పిలిచింది. అయినా వెళ్ళాను.

రాజమండ్రి

స్టేషను బయట నన్ను గుర్తుపట్టి మెయ్ పరుగున వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయి. పొట్టి జుట్టు, కంపెనీ చొక్కా. ఎడమచేతి మణికట్టు నిండా రంగురంగుల రబ్బరు బ్యాండ్లు. నమస్కారాలయ్యాక నేను ఆలస్యం చేయలేదు. ఆ వ్యాఖ్య ఎప్పుడు తీస్తావని అడిగాను.

ఆమె చెయ్యి చూపించింది. ఒక్కో బ్యాండు నేను నేర్పిన ఒక్కో పదమట. తెలియని మనిషితో ఆ పదం వాడాలి. ఆ మనిషి ఆగిపోకుండా జవాబిస్తే ఆ పదం బతికున్నట్టు, బ్యాండు కుడిచేతికి మారుతుంది. "అన్నీ కుడిచేతికి వస్తే తీసేస్తాను టీచర్. అప్పుడు నేను రాసింది తప్పే కదా" అంది. న్యాయంగానే తోచింది.

మొదటి బ్యాండు ఆటోలోనే మారింది. డ్రైవరు మమ్మల్ని ఒక లారీకీ బస్సుకీ మధ్యనుంచి లాక్కెళ్ళాడు. మెయ్ ముందుకు వంగి, "యువర్ డ్రైవింగ్ ఈజ్ అట్రోషియస్" అంది.

"ఆయ్, థాంక్సండి! బండి కొత్తదండి మరి" అన్నాడతను, వెనక్కి తిరిగి నవ్వుతూ.

మెయ్ బ్యాండు మార్చుకుంది. జవాబైతే వచ్చింది, ఆగకుండానే వచ్చింది.

దిగేటప్పుడు అతను నా సంచీ అందిస్తూ "జాగర్తండి మామ్మగారు" అన్నాడు. మెయ్‌ని మాత్రం "మేడంగారు" అన్నాడు. ఇద్దరం ఒకే ఆటో దిగాం.

టిఫినుకు పెసరట్టు ఉప్మా. అరవై రూపాయలు. మా వైపు ఆ డబ్బుకు ఉగ్గానీ, బజ్జీ, మీద టీ కూడా వస్తాయి. కానీ పెసరట్టు బాగుందని ఒప్పుకోవాలి. మెయ్ అల్లం పచ్చడి నాలిక్కి రాసుకుని సర్వరుతో "దిస్ ఈజ్ ఎక్స్‌క్విజిట్" అంది. అద్భుతంగా ఉందని.

"ఆయ్, అలాగేనండి" అని అతను వెళ్ళి ఇంకో పెసరట్టు తెచ్చి వేశాడు. బిల్లులో కూడా వేశాడు. బ్యాండు మారింది.

చైనా వాళ్ళు ఎండాకాలంలో కూడా వేడినీళ్ళే తాగుతారు. మెయ్ వేడినీళ్ళు అడిగింది. "ఆయ్" అని చల్లటి సీసా తెచ్చాడు. మళ్ళీ అడిగింది. "ఆయ్" అని ఇంకా చల్లటిది తెచ్చాడు. నేను తెలుగులో చెప్పాను. "వేడివా అండి? తాగడానికా?" అని నోరు తెరిచి, "ఆయ్" అని వెళ్ళి టీ తెచ్చాడు.

ఈ 'ఆయ్' గురించి చదివేవాళ్ళకు చెప్పాలి. మా అనంతపురంలో ఎవరికైనా మాట అర్థం కాకపోతే "ఏం చెప్తాండావు? అర్థమయ్యేటట్టు చెప్పు" అని మొహం మీదే అంటారు. అందులో మర్యాద లేకపోవచ్చు, అయోమయం కూడా లేదు. ఇక్కడ ఎవరేమన్నా ముందు 'ఆయ్' అంటారు. అది అవునో, సరేనో, విన్నామనో, మీరు పెద్దవారనో నాకు తెలియలేదు. సాయంత్రం గోదావరి గట్టు మీద పూలమ్మే ఆమె, పడవ టిక్కెట్లిచ్చే ఆయన, పక్కన కూర్చుని బఠాణీలు తింటున్న రిటైర్డు గుమాస్తాగారు, అందరూ 'ఆయ్' అన్నారు. చీకటి పడేసరికి మెయ్ ఎడమచెయ్యి సగం ఖాళీ అయింది. నేను గెలుస్తున్నాను. అయినా నాకెందుకో తృప్తిగా లేదు.

కోరుకొండ

మర్నాడు కోరుకొండ. నరసింహస్వామి కొండమీద ఉంటాడు, మెట్లు నిటారుగా ఉంటాయి. సగం ఎక్కేసరికి మెయ్ మొహం ఎర్రబడింది. మెట్ల పక్కన కొబ్బరికాయలు పెట్టుకున్న ఆమె దగ్గర ఆగి, "ది అసెంట్ ఈజ్ ఆర్డ్యువస్" అంది. ఎక్కడం మహా కష్టంగా ఉందని.

"ఆయ్, మరేనమ్మా. కొబ్బరికాయ ముప్పయ్యమ్మా."

బ్యాండు మారింది. ఈసారి నేను వదల్లేదు. మెయ్ ముందుకు వెళ్ళాక ఆమెనడిగాను. "ఆ అమ్మాయి ఏమందో తెలిసిందా?"

"ఎందుకు తెలవదండీ? మెట్లు కష్టమన్నారు."

నా ప్రాణం లేచొచ్చింది. "ఆర్డ్యువస్ అంటే మీకు తెలుసా?"

"అదేంటండీ బాబూ! రొప్పుతోంది కదండీ పాపం. మెట్ల మీద నిలబడి రొప్పేవాళ్ళు మెట్ల గురించి కాకపోతే ఎండుచేపల గురించి అంటారా?" అని ఆమె పక్కనున్న పూలబ్బాయి కేసి తిరిగి నవ్వింది. నన్ను చూసే నవ్వింది.

పదం అందినట్టా, రొప్పు అందినట్టా? పైకెళ్ళాక మెయ్‌తో చెప్పాను. "నా నియమంలో అది లేదు టీచర్. ఆమె ఆగలేదు కదా" అంది. మొండి పిల్ల.

కొండమీద గాలి బాగుంది. కింద చేలు ఎంతదూరమైనా ఒకే పచ్చన. మా వైపు అంత పచ్చదనం ఒకచోట కనిపిస్తే ఎవరిదని అడుగుతాం. అక్కడ కూర్చుని మెయ్ తన గొడవ చెప్పింది. వాళ్ళ భాషలో నాలుగేసి అక్షరాల పాత పలుకుబళ్ళు వేలకొద్దీ ఉంటాయట. మాటలో ఒకటి పడితే ఎదుటివాళ్ళు చదువుకున్న మనిషని మర్యాద ఇస్తారు. ఇంగ్లీషులో పెద్ద పదాలు అలాంటివేననుకుని అక్షరక్రమంలో పదాల పుస్తకాలు బట్టీపట్టింది. "కానీ ఫోనులో ఆస్ట్రేలియా మిల్లాయనతో అంటే ఆయన ఆగిపోయాడు. సింగపూరు ఆమె నవ్వింది. ఇక్కడ ఎవరూ ఆగడం లేదు. ఇక్కడి వాళ్ళ ఇంగ్లీషు గొప్పదా టీచర్? లేక మీ పదాలు ఇక్కడికే పనికొస్తాయా?"

రెండో ప్రశ్న నాకు నచ్చలేదు.

సామర్లకోట

మిల్లు యజమాని సూరిబాబుగారు. మందపాటి కళ్ళద్దాలు, తెల్ల చొక్కా, మెత్తటి మాట. యంత్రం అప్పటికే బిగించి ఉంది. పైనుంచి బియ్యం జారుతుంటే గాజు వెనక కెమెరాలు ఒక్కో గింజనూ చూస్తాయి. నల్లదీ పచ్చదీ కనబడితే సన్నటి గాలి దెబ్బతో పక్క డబ్బాలోకి కొడతాయి. అప్పగింతంతా మెయ్ ఇంగ్లీషులో చెప్పాలి, ఫోనులో రికార్డు చేసి కంపెనీకి పంపాలి. అది నియమం. అయినా తరవాత తెలుగులో కూడా చెప్పనా అని సూరిబాబుగారిని అడిగాను.

"ఎందుకండీ మీకు శ్రమ? మేమూ డిగ్రీలు చదివామండి" అన్నారాయన, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద నాకింకా గుర్తుంది.

మెయ్ గాజు చూపించి, నేను నేర్పిన ఉచ్చారణతో, ఈ గాజు 'ప్రిస్టీన్'గా ఉండటం 'ఇంపెరటివ్' అంది. ఏ మరకా లేకుండా ఉండి తీరాలని. సూరిబాబుగారు "ఆయ్" అన్నారు. యంత్రం నడిపే వీర్రాజు "ఆయ్" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ సూరిబాబుగారి భార్య సత్యవతిగారు కూడా తలూపారు. ఎవరూ ఆగలేదు. గంట తిరిగేసరికి మిగిలిన బ్యాండ్లన్నీ కుడిచేతికి వచ్చేశాయి. "నా వ్యాఖ్య తీసేస్తాను టీచర్" అంది మెయ్. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే ఫోను. యంత్రం మంచి బియ్యాన్ని కూడా బయటికి కొట్టేస్తోంది.

వెళ్ళేసరికి సూరిబాబుగారు గుమ్మంలోనే ఎదురొచ్చి కాఫీ తాగారా అని అడిగారు. అదయ్యాకే చెప్పారు. "మిషను పాడైపోయిందండి. మీ కంపెనీకి చెప్పేశానండి. మీరేమీ అనుకోకండి." మెయ్ మొహం పాలిపోయింది. ఇంటర్వ్యూ మర్నాడే.

లోపలికి వెళ్ళి చూశాం. కొత్త యంత్రం కదా, పూజ చేశారు. మెడలో బంతిపూల దండ, కాళ్ళ దగ్గర కొబ్బరిచిప్పలు, నిమ్మకాయలు. కెమెరాల ముందున్న ఆ గాజును తడిగుడ్డతో తళతళలాడేలా తుడిచి, దాని మీద పసుపు రాసి, చక్కగా మూడు కుంకుమబొట్లు పెట్టారు. బొట్లు పెట్టింది సత్యవతిగారు. ఎంతో శ్రద్ధగా పెట్టారు, ఒక్కటీ వంకర పోలేదు. ఆ ఎరుపూ పసుపూ అడ్డుపడి యంత్రానికి ప్రతి గింజా చెడ్డదిగా కనిపిస్తోంది.

"నిన్న చెప్పాను కదా ప్రిస్టీన్ అని" అంది మెయ్, గాజును చూపిస్తూ.

"ఆయ్, చెప్పారండి" అన్నాడు వీర్రాజు. "అందుకే శుభ్రంగా తుడిచి మరీ పెట్టామండి."

మెయ్ అక్కడే బస్తా మీద కూలబడి కుడిచేతి బ్యాండ్లన్నీ తీసి ఎడమచేతికి వేసుకుంది. ఒక్కటీ మిగలనివ్వలేదు. ఎవరికీ అర్థం కాకపోతే మరి ఎందుకు సరేనన్నారని నన్నడిగింది. ఎదుటి మనిషి, అందులో పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి చెబుతుంటే తెలియలేదనడం వీళ్ళకు అవమానంగా ఉంటుందేమో, లేదా నీకే అవమానమవుతుందనుకున్నారేమో, అని నాకు తోచింది చెప్పాను.

"మా దగ్గరా అంతే" అంది. "టీచర్ అడిగినప్పుడు అర్థం కాలేదంటే, మీరు సరిగా చెప్పలేదు అన్నట్టు. అందుకే అర్థమైందంటాం."

ఎనిమిది నెలల 'యెస్ టీచర్' నా చెవుల్లో ఒక్కసారిగా మోగింది. అందులో ఎన్ని నిజం? అడగబోయి మానేశాను. అడిగినా యెస్సే అంటుంది.

ఇంత జరిగినా భోజనం చేయకుండా పోనివ్వరు. సత్యవతిగారు అరటాకులు వేశారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ, బెల్లం వేసిన పులుసు. పులుసులో బెల్లం ఎందుకో నాకెవరూ ఇంతవరకు చెప్పలేదు. చివర పాయసం. మెయ్ ధ్యాస ఎక్కడో ఉంది. ఆవకాయ ముక్క తీసి పాయసంలో కలపబోయింది.

"అయ్యయ్యో! వద్దమ్మా!" అని సత్యవతిగారు గరిటెతో పరుగెత్తుకొచ్చారు. "బాబోయ్, అదెక్కడి కాంబినేషనండీ!" అన్నాడు వీర్రాజు. సూరిబాబుగారు ఎంగిలిచెయ్యి అడ్డం పెట్టి "నో నో నో! స్వీటు, స్వీటు!" అని కేకేశారు. రెండు రోజులుగా 'ఆయ్' తప్ప మరో మాట అనని మనుషులు ముగ్గురూ ఒకేసారి మీద పడ్డారు.

మెయ్ చెయ్యి గాల్లోనే ఆగింది. ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. తరవాత లేచి చెయ్యి కడుక్కుని సత్యవతిగారిని కుంకుమభరిణె ఇమ్మని సైగ చేసింది. అందరం వెనకే మిల్లులోకి వెళ్ళాం. ఏం చేయబోతోందో నాకూ తెలియదు. వేలికి కుంకుమ అద్దుకుని, తిన్నగా సూరిబాబుగారి దగ్గరికి వెళ్ళి, చాలా భక్తిగా ఆయన కళ్ళద్దం మీద బొట్టు పెట్టబోయింది.

ఆయన వెనక్కి గెంతారు. "అదేంటమ్మా! కళ్ళద్దాలకు పెడతారా ఎవరైనా?"

"నుదుటికమ్మా, నుదుటికి!" సత్యవతిగారు తన నుదురు చూపించారు.

"అద్దాలకు పెడితే ఆయనకి కనపడొద్దాండీ మరి?" అన్నాడు వీర్రాజు.

మెయ్ అదే వేలితో గాజు మీది బొట్లను చూపించింది. ఒక్క పదం కూడా అనలేదు.

ముందు వీర్రాజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఓర్నాయనో, అది దాని కళ్ళా అండీ!" అన్నాడు. "నేను దాని మొహమనుకున్నానమ్మా" అని సత్యవతిగారు కొంగుతో నవ్వు ఆపుకున్నారు. సూరిబాబుగారు మాత్రం "మాకు తెలుసండీ, ఆడవాళ్ళ సరదా ఎందుకు కాదనాలని ఊరుకున్నాను" అన్నారు.

"ఆయ్" అంది మెయ్.

పొడిగుడ్డ వచ్చింది. బొట్లు పైనున్న రేకు మీదికి, యంత్రం నుదుటి మీదికి మారాయి. ఆ తరవాత మెయ్ ప్రతి పనినీ ముందు తప్పుగా చేస్తూ పోయింది. తడిగుడ్డ తీస్తే వీర్రాజు లాక్కున్నాడు. గాలి ఆపకుండా మూత తీయబోతే "అబ్బే, ముందు గాలండీ!" అని అరిచాడు. నిన్న గంటసేపు పెద్ద పదాలతో చెప్పినదంతా ఇవాళ వాళ్ళే ఆమెకు చెప్పారు, వెక్కిరింతలతో సహా. సాయంత్రానికి యంత్రం సరిగా నడిచింది. కంపెనీకి సూరిబాబుగారు ఏం చెప్పారో మాత్రం తెలియలేదు. మళ్ళీ ఫోను చేశారా అంటే "ఆయ్" అన్నారు.

కాకినాడ

కాకినాడలో గాలికి ఉప్పు వాసన, కాస్త చేపల వాసన. ఇంటర్వ్యూ హోటలు గదిలో. నేను వసారాలో కుర్చీ వేసుకుని కాజాలు తింటూ కూర్చున్నాను. పాకం లోపల దాచి పెట్టే ఆ తెలివి ఒప్పుకోదగ్గదే, బట్టల మీద పడనంతవరకు. నా చీర మీద పడింది. తలుపు సగం తెరిచే ఉంది. మాటలు వినబడుతున్నాయి.

పెద్దాయనకు మిల్లు నుంచి మొదటి ఫోను అందింది. మొదటిదే అందింది. మీరు చెప్పింది మిల్లువాళ్ళకు అర్థమైందని మీరెలా అనుకున్నారని అడిగాడు. మెయ్ చిన్న చిన్న మాటలతో చెప్పింది. బొట్లు, ఆవకాయ, కళ్ళద్దాలు. ఎక్కడా తడబడలేదు. చివర ఒక్క పెద్ద పదం వాడింది. "దే అక్వియెస్డ్. ఐ థాట్ దే అండర్‌స్టుడ్." ఎదురు చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నారు, అర్థమైందనుకున్నాను, అని.

అవతలి మనిషి ఆగిపోయాడు.

నా చేతిలో కాజా అలాగే ఉంది. ఇన్నాళ్ళూ ఏ ఆగడం గురించి రాసిందో అదే ఇది. ఇది మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. తరవాత ఆయన నెమ్మదిగా ఆ పదాన్నే మళ్ళీ పలికి, "గో ఆన్" అన్నాడు.

మర్నాడు స్టేషనుకు వెళ్ళే దారిలో మెయ్ ఫోను మోగింది. ఉద్యోగం వచ్చింది. ఆమె ఆటోలోనే ఏడ్చింది, డ్రైవరు ఎందుకో తెలియకుండానే ఆపి నీళ్ళ సీసా ఇచ్చాడు.

ప్లాట్‌ఫారం మీద నేను వ్యాఖ్య సంగతి ఎత్తాను. "యెస్ టీచర్, తీసేస్తాను" అంది. అది ఏ యెస్సో ఇప్పటికీ తెలియదు. ఇది రాసేనాటికి ఆ రెండు వాక్యాలూ, మూడు నక్షత్రాలూ అక్కడే ఉన్నాయి.

నేనసలు అడగదలుచుకున్నది వేరు. సూటిగా అడిగితే యెస్సే వస్తుంది. అందుకని రైలెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, మామూలుగా అన్నట్టు అన్నాను. "నిన్న ఆ అక్వియెస్ అనే పదం భలే పడింది. మీ కెనడా టీచరు బాగా నేర్పింది."

"నో!" అంది మెయ్.

పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు.

"నో, టీచర్. అది మీరు నేర్పిందే. మీ ఆడపడుచు ఇంట్లో పెళ్ళికి వెళితే మీకు కిటికీ లేని గది ఇచ్చారు. మీరు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. అక్వియెస్ అంటే అదీ అని చెప్పారు."

ఎనిమిది నెలల పాఠాల్లోనూ, ఈ ప్రయాణంలోనూ ఆమె నాతో 'నో' అనడం అదే మొదటిసారి. ఏదైనా మంచి మాట అందామనుకున్నాను. ఆమె అననివ్వలేదు.

"కానీ టీచర్, ఆ ఉదాహరణ తప్పు. నాకప్పుడే తెలుసు. మీరు ఒప్పుకోలేదు. ఆ గది గురించి ఎన్ని పాఠాల్లో చెప్పారో! ఒప్పుకున్న మనిషి అలా చెప్పదు."

"పెళ్ళిలో పైకి ఏమీ అనలేదు. అందుకని అది ఒప్పుకోవడమే" అన్నాను.

"నో."

"గదిలో పడుకున్నానా లేదా?"

"పడుకున్నారు. అయినా నో."

రైలు కదిలింది. ఆమె కిటికీ చువ్వ పట్టుకుని వెంట నడిచింది. చువ్వ వదిలేశాక కూడా, జనం మధ్యలో నిలబడి, నాకు కనబడేలా చెయ్యెత్తి కాదన్నట్టు అడ్డంగా ఊపుతూనే ఉంది.